పరీక్షకు ముందు ఆంగ్లక్రియల లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున విద్యార్థుల నుద్దేశించి చేసిన ప్రసంగపాఠము)

 

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. భారతమును గూర్చియో, ప్రబంధములను గూర్చియో నేను మాటలాడుదునని పలువురు తలచియుందురు. నేనును అట్లే తలచితిని. కాని నిన్న సాయంకాలము ఇచ్చటి బల్లయొద్ద కూర్చుండి ఆంగ్ల క్రియారూపములను వల్లెవేయుచున్న పిల్లలను చూచితిని. పెదవులు కదలుచున్నవి, కన్నులలో మాత్రము బెదురు కనబడుచున్నది. ఆ బెదురు నాకు పాత పరిచయము. కావున నేటి ప్రసంగము దానిని గూర్చియే.

నేను ఆంగ్ల పండితుడను గాను. గ్రామపు లెక్కలు వ్రాయుట నా వృత్తి. సంస్కృతాంధ్రములలో నాకు తెలిసిన కొంచెము పుస్తకములు పెట్టిన భిక్షయే గాని, గురువునొద్ద కూర్చుండి నేర్చినది కాదు. ఇక ఆంగ్లమందు నాకుగల అర్హత యొక్కటే: పదవ తరగతిలో ఆ పరీక్ష తప్పినవాడను. గోతిలో పడి లేచినవాడు గోయి యెచ్చట నున్నదో చూపగలడు గదా!

ఆనాడు మా యూరినుండి ఇద్దరము తప్పితిమి. రెండవవాడు నా ప్రాణమిత్రుడు. లెక్కలలో నాకంటె దిట్ట. పద్యము ఒకసారి విన్న చాలు, తిరిగి చెప్పెడివాడు. మాకు పాఠము చెప్పినవారు క్రియారూపముల పట్టికను నల్లబల్లపై వ్రాసి, రేపటికి కంఠస్థము చేసికొని రండని చెప్పెడివారు. ఏ రూపము ఏల వచ్చినదో మే మడుగలేదు, వారు చెప్పలేదు. ఫలితములు వచ్చిన దినమున నా మిత్రుడు "నాకు చదువు రాదు" అని ఒక్క మాట యనెను. ఆపైన పుస్తకము ముట్టలేదు. వానికి రానిది చదువు గాదు. ఒక పరభాషయందలి నాలుగైదు క్రియామర్మములు మాత్రమే. ఆ సంగతి చెప్పువారు లేక ఒక మంచి బుద్ధి మూలబడినది. నేటికిని నాకీ దుఃఖము తీరలేదు. ఇచ్చట కూర్చున్న మీలో ఒక్కరును ఆ మాట అనకుండవలెనని నా ఆశ.

మా తండ్రిగారు నన్ను మరుసటి పరీక్షకు సిద్ధపడుటకై హైదరాబాదు పంపిరి. నా మేనమామ అఫ్జల్‌గంజ్ ప్రాంతమున ఒక దుకాణమున లెక్కలు వ్రాయుచు, మూసీకి ఆవల పత్తర్‌గట్టీ సమీపమున కాపురముండెను. నేను ప్రతిదినము నయాపూల్ దాటి, ఉత్తరపు టొడ్డుననున్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమునకు పోయెడివాడను. అది 1891లో ఆసఫియా గ్రంథాలయముగా వెలసినది. అచ్చట రెన్, మార్టిన్ అనువారి వ్యాకరణమును ముందు పెట్టుకొని సాయంకాలము వరకు కూర్చుండెడివాడను. దినమునకు ఇరువది క్రియలు నేర్చుట, మరునాటికి పదునైదు మరచుట. ఇదియే నా సాధన.

ఒకనాటి సాయంకాలము మామయ్య దుకాణము కట్టివచ్చుచు నన్ను వంతెనమీద కలిసికొనెను. నా ముఖము చూచి "ఏమిరా అల్లుడా, ఇంత రంది దేనికి?" అనెను. నేను గోడు వెళ్లబోసికొంటిని. "చూచినాననుటకు ఆంగ్లమున రెండు రూపములున్నవి మామయ్యా. ఒకటి వ్రాసిన చోట రెండవది వ్రాయవలెనట. రెండిటికిని నా తలలో తేడా లేదు" అంటిని. ఆయనకు ఆంగ్లము రాదు. తెలుగు, ఉర్దూ లెక్కలు మాత్రము తెలియును. కొంచెము సేపు నీటివైపు చూచి యిట్లనెను:

"మా దుకాణంల రెండు పుస్తకాలుంటయి. చిట్టాల తేదీ వేసి రాస్తం, ఫలానా దినం ఫలానావాడు నూరు రూపాయలు తీసుకపోయిండని. ఆవర్జాల చూస్తే వాని పేరుమీద ఇయ్యాల్టికి ఎంత బాకీ నిలిచిందో తెలుస్తది. తీసుకపోయిన దినం వేరు, నిలిచిన బాకీ వేరు. ఆ రెండు కలిపితే దుకాణం మునుగుతది. నీ ఇంగ్లీషుల గూడ గట్లనే ఉందేమో చూడు."

ఆ రాత్రి పుస్తకము తెరచి చూచితిని. అట్లే యున్నది! "ఐ సా హిమ్ యెస్టర్‌డే" అనునది చిట్టా పద్దు. తేదీ యున్నది, పని ముగిసినది, పుట తిరిగినది. "ఐ హావ్ సీన్ హిమ్" అనునది ఆవర్జా పద్దు. ఎన్నడు చూచితినో ప్రశ్న కాదు. చూచిన ఎరుక నేటికిని నా యొద్ద నిలువయున్నది. "హావ్" అను మాటకు కలిగియుండుట అనియే గదా అర్థము! కావుననే "ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే" అనిన తప్పు. అది నిలువ గడిలో చిట్టా తేదీని వ్రాయుట వంటిది.

మరునాడు వంతెన దాటుచు ఇంకొక సంగతి గమనించితిని. నయాపూల్ అనగా క్రొత్త వంతెన. 1578లో కట్టబడిన పురానాపూల్ కంటె తరువాతది గనుక దాని కాపేరు వచ్చినది. నేటికి అదియు పాత వంతెనయే. అయినను నేటికిని "నయా" అనియే పిలువబడుచున్నది. కట్టుట ఏనాడో ముగిసిన పని: "ఇట్ వాజ్ బిల్ట్ లాంగ్ అగో". నిలుచుట నేటికిని సాగుచున్నది: "ఇట్ హాజ్ స్టుడ్ ఎవర్ సిన్స్". ఈ రెండు వాక్యముల నడుమనున్న భేదము నా కాళ్లక్రింద రాతిలో కనబడినది. అటుపిమ్మట మరచిపోలేదు.

ఈ లెక్కనే ఇంకొంచెము పొడిగించుడు. గడచిన యొక దినము నాటికి నిలిచిన బాకీని చెప్పవలెనన్న "హాడ్" వచ్చును. వాడు స్టేషను చేరునప్పటికే రైలు పోయియుండెను: "ద ట్రెయిన్ హాడ్ లెఫ్ట్ బిఫోర్ హీ రీచ్డ్ ద స్టేషన్". రాబోవు దినము నాటి నిలువను చెప్పవలెనన్న, మార్చి 31 నాటికి శిస్తు కట్టియుందును: "ఐ షల్ హావ్ పెయిడ్". "సిన్స్" అను మాటకు బాకీ మొదలైన తేదీ కావలెను. "ఫర్" అను మాటకు గడువు కావలెను. సోమవారము నుండి అనిన "సిన్స్", మూడు దినములుగా అనిన "ఫర్".

ఇంతవరకు లెక్కల పుస్తకము చెప్పినది. ఇక మన తెలుగు చెప్పునది వినుడు. చిన్నయసూరి 1858లో రచించిన బాలవ్యాకరణమున క్రియాపరిచ్ఛేదమును నేను పెద్దవాడనైన తరువాత చదివితిని. చదువుచు నా తలపై నేనే కొట్టుకొంటిని. పదవ తరగతిలో నేను చేసిన తప్పులలో సగము, నా తెలుగును నేను చెవియొగ్గి వినినచో చేయకుందును.

మొదటిది. "ఐ డిడ్ నాట్ వెంట్" అని వ్రాయువారు మీలో ఎందరు? చేతులెత్తనక్కరలేదు, నేనును వ్రాసితిని. తెలుగున "పోయెను" అనుదుము. కాదని చెప్పవలసినప్పుడు "పోయెను లేదు" అనుచున్నామా? లేదు, "పోలేదు" అనుచున్నాము. "వచ్చెను" అనునది "వచ్చెను లేదు" కాక "రాలేదు" అగుచున్నది. జరిగిన కాలపు బరువును "లేదు" అనునది తలకెత్తుకొనగా, క్రియ బరువు దించుకొని తన మొదటి రూపమునకు పోయినది. ఆంగ్లమునను ఇదే న్యాయము. "డిడ్" అనునది కాలమును మోయుచున్నది గనుక "గో" తన మొదటి రూపముననే యుండవలెను. ఒక క్రియాసముదాయమున కాలచిహ్నమును ఒక్క పదమే మోయును. ఈ సూత్రమును గుర్తుంచుకొనినచో "డిడ్ హీ కేమ్", "డజ్ హీ గోస్" అనునవి మీ కలమునుండి రావు.

రెండవది. "ఐ యామ్ నోయింగ్", "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" అని వ్రాయుదురు. తెలుగున "నేనెరుగుదును" అందుము గాని "ఎరుగుచున్నాను" అనము. "నాకిద్దరన్నలు కలరు" అందుము. ఎల్లకాలము నుండు స్వభావమును చెప్పు ఈ రూపమును మన వైయాకరణులు తద్ధర్మార్థకమనిరి. సూర్యుడు తూర్పున ఉదయించును: "ద సన్ రైజెస్ ఇన్ ద ఈస్ట్". వాడు ప్రతిదినము వచ్చును: "హీ కమ్స్ డైలీ". ఇప్పుడు కంటియెదుట జరుగుచున్న పనికే "వచ్చుచున్నాడు" అను రూపము, "ఈజ్ కమింగ్" అనునదియు.

మూడవది. "అన్నము తిని బడికి పోయెను" అను వాక్యమున "తిని" యనునది క్త్వార్థకము. ఆంగ్లమున "హావింగ్ ఈటెన్" అనునది దానికి దగ్గరి చుట్టము. తినినవాడును పోయినవాడును ఒక్కడే కావలెనని పాణిని చెప్పిన నియమము ఆంగ్లమునకును చెల్లును. కర్తలు వేరైనప్పుడు ఆ రూపమును వాడకుడు.

నాలుగవది చేదర్థకము. "వాన కురిసిన పంట పండును" అందుము. కురియుట రాబోవు పనియే యైనను "కురిసిన" అను చోట భవిష్యచ్చిహ్నము లేదు. ఆంగ్లమునను "ఇఫ్ ఇట్ రెయిన్స్" అని వర్తమానమే వాడవలెను. "ఇఫ్ ఇట్ విల్ రెయిన్" అనరాదు. "విల్" అనునది రెండవ పాదమున, పంటయొద్దనే కూర్చుండును.

ఇక రూపములు మారు క్రియల సంగతి. "గో" అనునది "వెంట్" ఏల యైనదని విసుగుకొందురు. "వచ్చు" అనునది "రమ్ము", "తెచ్చు" అనునది "తెమ్ము" ఏల యైనదని మీరెన్నడైన విసుగుకొంటిరా? సంస్కృతమున దృశ్ ధాతువునకు వర్తమానమున "పశ్యతి" వచ్చును. ఎక్కువగా నలిగిన క్రియలే ఎక్కువగా వంకరలు పోవును; ఇది అన్ని భాషల సొత్తు. "వెంట్" అనునది నిజమునకు "వెండ్" అను వేరొక క్రియకు భూతరూపము. "గో" దానిని తనదిగా చేసికొనినది. ఇట్టి మారు క్రియలు రమారమి రెండువందలుండును. వానిని అకారాదిక్రమమున మ్రింగకుడు, కుటుంబములుగా కట్టుడు. కట్, పుట్, షట్, హర్ట్ అనునవి మూడు రూపములందును మారవు. బ్రింగ్–బ్రాట్, థింక్–థాట్, టీచ్–టాట్, క్యాచ్–కాట్ అనువానిలో రెండవదియు మూడవదియు ఒక్కటే. కమ్–కేమ్–కమ్, రన్–రాన్–రన్ అనునవి బయలుదేరిన యింటికే తిరిగివచ్చును. సింగ్–సాంగ్–సంగ్, డ్రింక్–డ్రాంక్–డ్రంక్ అనువానిలో అచ్చు మెట్టు మెట్టుగా మారును. ఒక్కొక్క కుటుంబము ఒక్కొక్క సాయంకాలము.

అయితే చుట్టమును నమ్మి యిల్లప్పగింపరాదు. తెలుగు మనలను దారి తప్పించు చోట్లును కలవు. "పది యేండ్లనుండి ఇచ్చట ఉన్నాను" అని తెలుగున వర్తమానము వాడుదుము. కనుక "ఐ యామ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్" అని వ్రాయుదుము. రెండు తప్పులు! అది నేటివరకు నిలిచిన బాకీ. "ఐ హావ్ బీన్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్" అనవలెను. రెండవది మన "అని". "రేపు వచ్చెదనని వాడు చెప్పెను" అనునప్పుడు వాని మాటను ఉన్నదున్నట్లు మూటగట్టి "అని" యను ముడివేయుదుము. ఆంగ్లము ఆ మూట విప్పి మరల కట్టును: పురుషము మారును, కాలము వెనుకకు జరుగును, "రేపు" కూడ "మరునాడు" అగును. "హీ సెడ్ దట్ హీ వుడ్ కమ్ ద నెక్స్ట్ డే". మూడవది, తెలుగు క్రియ ప్రతి పురుషమునకును తోక కలిగియుండును. ఆంగ్లమున వర్తమానమందు "హీ", "షీ", "ఇట్" అనువానికి మాత్రమే చివర ఒక సకారము మిగిలినది. మిగిలిన దొక్కటే గనుక మరపునకు వచ్చును. ఈ యొక్క యక్షరమునకు పరీక్షకులు తీయు మార్కులు కొల్లలు.

పరభాషాక్రియ మనకే ఇంత కష్టమైనదని తలంపకుడు. చెన్నపట్టణమున 1812లో సెంట్ జార్జి కోట కళాశాల స్థాపింపబడినది. ఇంగ్లండు నుండి వచ్చిన కుంపిణీ యుద్యోగులు అచ్చట దేశభాషలు నేర్చి పరీక్ష యిచ్చిన గాని ఉద్యోగమునకు పోరాదు. వారికొరకు క్యాంబెల్ 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించెను. 1817లో చెన్నపట్టణము చేరిన సి.పి. బ్రౌను అక్కడనే చదివి, 1820లో కడపకు ఉద్యోగియై వెళ్లెను. మనము "గో, వెంట్, గాన్" అని వల్లెవేయునట్లే, ఇరువది యేండ్ల తెల్లదొర బిడ్డలు "వచ్చు, రాలేదు, రమ్ము" అని వల్లెవేసి యుందురు. వారిలో ఒకడు తరువాత మన తాళపత్రములను వెదకి వెదకి కాపాడెను. 1852లో అచ్చైన నిఘంటువును మనకిచ్చెను. పరీక్షకై నేర్చిన భాష ప్రేమకు దారి కాగలదనుటకు ఇంతకంటె నిదర్శనము వలయునా? మన హైదరాబాదుననే 1918లో ఉర్దూ బోధనతో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున సైతము ఆంగ్లము తప్పనిసరి పాఠ్యాంశమై యుండెను. మూసీ యొడ్డున ఈ దిగులు పడిన విద్యార్థులలో మొదటివాడను నేను గాను. కడపటివారు మీరును గారు.

ఇప్పుడు చేయవలసిన పని చెప్పెదను. ఒక చిన్న పుస్తకము కుట్టుకొనుడు. పుటకు మూడు గడులు గీయుడు. మొదటి గడిలో మీరు వ్రాసిన తప్పు వాక్యము, రెండవ గడిలో సరియైనది, మూడవ గడిలో కారణము ఒక్క తెలుగు మాటలో: "బాకీ", "తేదీ", "మోతపదము", "సకారము", "మూట". ఇది మీ తప్పుల చిట్టా. వారము దినములు వ్రాసిన పిదప చూచుకొనుడు. నూరు తప్పులు కనబడును గాని కారణములు అయిదారు మించవు. నాకట్లే యైనది. నూరుగురు ఋణదాతలనుకొని గజగజ వణకినవానికి, అయిదుగురే యని తెలిసినప్పుడు కలుగు ధైర్యము మీకు కలుగును.

పరీక్ష ముందరి రాత్రి క్రొత్త క్రియను ఒక్కదానినైన ముట్టకుడు. లెక్క ముగించు దినమున క్రొత్త పద్దు తెరువరాదు. తప్పుల చిట్టాను ఒకమారు తిరుగవేసి, దీపమార్పి నిద్రించుడు. పరీక్షాశాలయందు చివరి పది నిమిషములు దాచుకొనుడు. ఆ సమయమున ప్రతి వాక్యమునందును క్రియపై వ్రేలుంచి మూడు ప్రశ్నలడుగుడు: కర్త ఎవరు? ఇది చిట్టా పద్దా, ఆవర్జా పద్దా? కాలమును మోయు పదమొక్కటేనా? ఇట్లడిగి నేను రెండవమారు వ్రాసిన పత్రమున ఆరు తప్పులు పట్టుకొంటిని. ఉత్తీర్ణుడనైతిని. గొప్ప మార్కులు రాలేదు. భయము మాత్రము పోయినది.

ఊరికి వచ్చిన దినముననే మామయ్య చెప్పిన చిట్టా, ఆవర్జాల సంగతి నా మిత్రునికి చెప్పితిని. వాడు శ్రద్ధగా విని, "ఇంత మాత్రమేనా?" అనెను. అప్పటికి పుస్తకములు ఇచ్చివేసినాడు. పొలము పనిలో దిగినాడు. పొలము పని తక్కువదని నేననను. కాని తాను చదువునకు తగనని తలచి దిగుట వేరు, తన యిష్టమున దిగుట వేరు. ఆనాడు మనయూర గ్రంథాలయము లేదు. ఉండినచో ఏ బల్లయొద్దనో ఎవ్వరో ఒకరు వానికీ మాట చెప్పియుందురు.

ఈ ఇరువదియైదేండ్లలో ఈ గది చేసిన పని యేమని ఎవరైన నన్నడిగినచో, పుస్తకముల సంఖ్యను చెప్పను. "ఇంత మాత్రమేనా" అను మాటను, సమయము మించకముందే పిల్లలచేత అనిపించినదని చెప్పుదును. పరీక్ష జరుగు దినము వరకు ప్రతి సాయంకాలము దీపము పెట్టిన పిదప నేనిచ్చటనే యుందును. మీ తప్పుల చిట్టాలు తీసికొని రండు. తప్పులు లేనివారు రానక్కరలేదు.